ఈ పొద్దు ఏం చూసినావు?

మా ఆయన నాకు మేనమామ. పుట్టినప్పటి నుంచీ "మామా" అని పిలిచిన నోరు పెళ్ళయినా మారలేదు. కోడుమూరులో మాది మగ్గం ఇల్లు. యుద్ధం రోజుల్లో, నూలు దొరకడమే గగనమైన కాలంలో, ఆయన కళ్ళు మసకబారడం మొదలైంది. మొదట్లో దీపం వత్తి మీద కోప్పడేవాడు. తర్వాత నూలు మీద, ఆ తర్వాత నా మీద. ఏడాది తిరిగేసరికి తెగిన పోగు కనపడక, మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకుని ఊరికే కూర్చునేవాడు.

ఊళ్ళో ప్రతివాడూ వైద్యుడే. "పొర వచ్చినాదప్పా, కోస్తే పోతాది," అని ఒకడు. "ఏం చేస్తావప్పా, గుడ్డి కన్నా మెల్ల మేలు," అని ఇంకొకడు. ఆ రెండోవాడి నోట్లో మన్ను పొయ్య! ఆ మాట విన్న రోజు అన్నం ముందు కూర్చుని మామ నెమ్మదిగా చెప్పాడు: "కండ్లొస్తే మగ్గం మ్మే. రాకపోతే పెరట్లో బావి ఉండాది." కోపంతో అని ఉంటే నేనూ నాలుగు తిట్టేదాన్ని. నెమ్మదిగా అన్నాడు. ఇంటిని మా అవ్వకు అప్పజెప్పి, ఆ ఎండాకాలం ఆయన్ను వెంటబెట్టుకుని బయలుదేరాను. ముందు కర్నూలు హకీము, తర్వాత మహానంది, చివరికి కడప జిల్లాలో కంటి ఆపరేషన్లు చేసే దొరసాని ఆస్పత్రి. నెల రోజుల తిరుగుడు.

బండి ఎక్కిన గడియ నుంచీ ఒకటే అడుగుడు, ఏం కనపడ్తాంది, ఏం కనపడ్తాంది అని. ఆయన మనసు బావి మీదికి పోకూడదని నేను ఇష్టమొచ్చినట్టు అల్లి చెప్పాను. బీడు చేలల్లో లేని గొర్రెల మందలు తోలాను. మోడు చెట్లకు పూలు పూయించాను. హంద్రి ఏటి దగ్గరికి వచ్చేసరికి మరీ బరి తెగించి, "ఒక పాయ బాగా పారుతాంది మామా, తెల్ల కొంగలు దిగినాయి," అన్నాను. మా బండి ఆ ఏరే దాటాలని నా మట్టి బుర్రకు తట్టలేదు. చక్రాలు ఇసుకలో దిగబడ్డాయి. బండివాడు అందరినీ దిగమన్నాడు. మామ చెప్పులు విడిచి చేత పట్టుకుని, తడవకుండా పంచె మోకాళ్ళ పైకి ఎత్తుకుని, జాగ్రత్తగా కాలు కింద పెట్టాడు. మండే ఇసుక. ఎగిరి గంతేశాడు. బండివాడు పకపకా నవ్వాడు.

మామ నవ్వలేదు. గట్టు ఎక్కినాక అన్నాడు: "కన్ను పోయినాది మ్మే, బుద్ధి పోలేదు. నీ కండ్లతో చూస్తాండా నేను. అవి గూడా అబద్ధం చెప్తే ఇంక యాడికి పోవల్ల?"

సిగ్గుతో చచ్చిపోయాను. ఆయన నెత్తిన చెయ్యి పెట్టి ఒట్టు వేశాను, ఇంక ఉన్నదే చెప్తానని. అప్పటి నుంచి మాకొక అలవాటయింది. రోజూ పొద్దు గూకి సంగటి మూట విప్పగానే, "ఈ పొద్దు ఏం చూసినావు?" అనేవాడు. నేను నిజంగా చూసినది, వినదగ్గది, ఏదో ఒకటి చెప్పాలి. చెప్పేదాకా ముద్ద ముట్టేవాడు కాదు. కరువు సీమ, నడి వేసవి, గుండెల్లో గుబులు. అందులో మంచిది వెతికి తెమ్మంటే యాడ దొరుకుతుంది చెప్పండి! కానీ వెతకడం మొదలుపెడితే కళ్ళు వాటంతట అవే వెతుకుతాయి.

కర్నూలులో బొగ్గు బస్సు చూశాను. పెట్రోలు దొరకని రోజులు కదా, బస్సు వెనక గాదె లాంటి పొయ్యి పెట్టి, బొగ్గులు రాజేసి నడిపేవారు. క్లీనరు చెమటలు కక్కుతూ పిడి తిప్పి గాలి ఊదుతున్నాడు, అదే పొయ్యి అంచున చెనక్కాయలు కాల్చుకుని తింటున్నాడు. అది చెప్తే, "మాడినాయా, బాగుండాయా?" అని అడిగాడు మామ.

హకీము సుర్మా పెడితే మామ కళ్ళు మంటలెత్తి ధారలు కట్టాయి. "ఏడ్చేదానికన్నా పనికొస్తాండాయి," అన్నాడు. ఆ రాత్రి ఏం చెప్పాలో తెలియలేదు. ఉన్నదే చెప్పాను. హకీము త్రాసు తట్టలో ఒక తెల్లపిల్లి పడుకుని ఉంది. పాపం ఆయన దాన్ని లేపలేక మందంతా చేతి అంచనాతోనే ఇస్తున్నాడు. "అదీ సంగతి! అందుకే ఇట్ల మండె," అన్నాడు మామ.

మహానంది కోనేటిలో గొంతు లోతు నీళ్ళలో దిగాడు. మునిగి, నీళ్ళలోనే కళ్ళు తెరిచి, ఊపిరి ఆగేదాకా అట్లాగే ఉన్నాడు. పైకి లేచి, "కొంచెం తేటగా ఉండాదే!" అన్నాడు. ఆ మాట నాకే చెప్పాడు. కానీ నేనున్న వైపు కాదు, గోడ వైపు తిరిగి చెప్పాడు. దేవుడా, నీకు కళ్ళున్నాయా అనుకున్నాను. అక్కడి నీళ్ళు మాత్రం అద్దమే. అడుగున ఎవరో జారవిడుచుకున్న ముక్కుపుడక మెరుస్తూ కనపడింది. అదే చెప్పాను. "నా కాళ్ళు గూడా కనపడినాయా?" అన్నాడు. గోళ్ళతో సహా అన్నాను.

ఒకరోజు దారిలో నాకు జ్వరం. ఆయన మామూలుగా అడిగాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. "ఏం చూసినానా? నీ గడ్డం చూసినా. మేకలు మేసేటంత ఉండాది!" అన్నాను. మామ పగలబడి నవ్వాడు. ఇల్లు వదిలినాక అదే మొదటి నవ్వు. నాకూ నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది.

బనగానపల్లెలో మామిడికాయలు గడ్డిలో మాగేసిన కొట్టంలో తలదాచుకున్నాం. అక్కడ ఆయనే నాకు చూపించాడు. గడ్డిలోకి చెయ్యి పోనిచ్చి, ముక్కు దగ్గర పెట్టుకుని, "ఇది తిను," అని ఒక పండు నా చేతికిచ్చాడు. అంత తియ్యటి పండు మళ్ళీ నేను తినలేదు.

ఆస్పత్రికి చేరాం. దొరసాని మామ కళ్ళలోకి అద్దంతో వెలుగు వేసి చాలాసేపు చూసింది. ఆయన్ను బయట వేపచెట్టు కింద కూర్చోబెట్టించి, నన్ను మాత్రం ఉండమంది. "అమ్మా, పొర అయితే నేను తీసివేయగలను. ఇది పొర కాదు. లోపలి నరము ఎండిపోయినది. చూపు రాదు," అని పుస్తకం చదివినట్టు చెప్పింది. చెప్పి నా భుజం మీద చెయ్యి వేసింది.

వరండాలోకి వచ్చాను గానీ వేపచెట్టు దాకా పోలేదు. స్తంభాన్ని పట్టుకుని పైకి చూస్తూ నిలబడ్డాను. ఎంతసేపో తెలియదు.

దగ్గరికి వెళ్ళగానే అడుగుల చప్పుడు గుర్తుపట్టాడు. "దొరసాని ఏమనె?"

అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది. మందు వేస్తే మళ్ళీ ఏడాదికి వస్తుందంట అని చెప్పేయాలనుకున్నాను. ఏడాదిలో ఎన్ని కాకపోతాయి! కానీ పంచె ఎత్తుకుని ఇసుకలో కాలు పెట్టిన మనిషి కళ్ళ ముందు నిలబడ్డాడు.

"పొర కాదంట మామా. నరం ఎండిపోయినాదంట. ఇంక రాదంట."

నేను ఆయన పైపంచె కొంగు నా చేతికి చుట్టుకుని గట్టిగా పట్టుకున్నాను, బావి అక్కడే ఉన్నట్టు. లోపలెక్కడో గంట కొట్టారు. ఎండ ఆయన మోకాళ్ళ మీదికి వచ్చింది. ఆయన జరగలేదు, నేను జరగమనలేదు.

అప్పుడు మామే అడిగాడు.

"లోపల ఇంకేం చూసినావు?"

రెండోసారి అడిగాడు.

"పిచ్చుకలు, మామా. కండ్లకు కట్టే దూది ఎత్తుకపోయి వరండా దూలం సందులో గూడు పెట్టుకున్నాయి."

"దూదేనా? దారం లేదా?"

"లేదు. వట్టి దూదే."

"ఎంత ఉండాది గూడు?"

ఆయన రెండు చేతులూ పట్టుకుని, దొప్పలాగా దగ్గరికి చేర్చి, "ఇంత," అన్నాను. బండి వచ్చి మమ్మల్ని ఎక్కించుకునేదాకా ఆయన ఆ చేతులు విడదీయలేదు.