లెక్క తప్పిన చూలు

మా అత్తగారికి క్యాలెండరు మీద నమ్మకం లేదు. ఆవుకి చూడి ఇంజక్షను వేయించిన దగ్గర్నుంచి అమావాస్య అమావాస్యకీ పశువుల సాల గోడ మీద ఒక బొగ్గు గీత గీసేది. మధ్యలో ఆవు ఎదకు వచ్చినట్టు కనిపించలేదు కాబట్టి చూలు నిలిచిందనే అనుకున్నాం. గీతలు పదయ్యాయి. ఆవు ఈనలేదు సరికదా, పొదుగైనా పెరగలేదు.

ఇంజక్షను వేసినతన్ని పిలిపిస్తే చెయ్యి పెట్టి చూసి, దూడ అందడం లేదన్నాడు.

"లోపలే సచ్చిపోయినట్టున్నాది పిన్నమ్మా. మందేసి పడగొట్టీకపోతే ఆవు కూడా దక్కదు."

దూడప్పట్నుంచి తన చేత్తో పెంచుకున్న ఆవు. రెండు రోజులు అత్తగారు సాలలోంచి కదల్లేదు, గంజి కూడా ముట్టలేదు. మందు వేసేముందు ఒక్కసారి స్కానింగు చేయిద్దామని నేనే పట్టుబట్టాను.

"ఆవుకి స్కానింగేటే? మనిసనుకున్నావా?" అంది నీరసంగా.

అయినా పొందూరు వైపు చిన్న మిషనుతో తిరిగే పశువుల డాక్టరుకి ఫోను చేశాను. అప్పటికి మా వైపు అది కొత్త. ఆయన పొద్దున్నే వచ్చి, భుజందాకా ప్లాస్టిక్ తొడుగు వేసుకుని పని మొదలుపెట్టాడు. తెర మీద నాకు మబ్బు తప్ప ఏమీ కనిపించలేదు. అత్తగారు ఆవు మెడ పట్టుకుని కళ్లు మూసుకుంది.

డాక్టరు ఒకచోట ఆగాడు. నల్లగా, గుండ్రంగా ఉన్నది దూడ కన్నట. దాన్ని కొలిచాడు. ఇంకాస్త జరిపి, టకటకా కొట్టుకుంటున్న చోటు చూపించాడు.

"ఇదిగో గుండె. దూడ బతికే ఉందమ్మా! కాకపోతే పది నెలలెక్కడివి? కంటి కొలత ప్రకారం ఆరో నెల. ఈ వయసులో దూడ కిందికి జారుతుంది, అందుకే చేతికి అందలేదు. మీ ఇంజక్షను నిలవలేదు. మధ్యలో ఎప్పుడైనా ఆవు తాడు తెంచుకుని పోయిందా?"

పోయింది. అత్తగారు ఆమదాలవలసలో కూతురింటికి వెళ్లినప్పుడు పోయింది. అప్పటికి గోడ మీద నాలుగు గీతలున్నాయి. సాయంత్రానికి జీడితోటలో ఊరి ఆంబోతు పక్కన మేస్తూ దొరికింది. ఎలాగూ చూడి ఆవే కదా, ఆంబోతుతో ఏం పోయిందిలే అనుకున్నాను. ఊరికే తిట్లెందుకు తినడమని కొత్త తాడు కట్టి ఊరుకున్నాను. అది ఎదకొచ్చే తాడు తెంచిందని, రైతు కూతుర్నయి ఉండీ, నాకు తట్టలేదు.

ఇప్పుడు చెప్పక తప్పలేదు. చెప్పేశాను. డాక్టరు నవ్వు దాచుకోవడానికి అటు తిరిగాడు. అత్తగారు నన్ను ఎగాదిగా చూసింది.

"ఒసే, ఆ రోజే ఓ మాట సెప్తే నీ సొమ్మేటి పోతాదే? బతికున్నదాన్ని సచ్చిందని ఏడిసినాను కదే! ఆ మందేసుంటే ఏటయ్యీదే?"

డాక్టరు చేతులు కడుక్కునేదాకా తిట్టింది, ఆయన బండెక్కాకా తిట్టింది, నేను వంట చేస్తున్నంతసేపూ తిట్టింది. కాపురానికి వచ్చాక అన్ని తిట్లు ఒక్కరోజున ఎప్పుడూ తినలేదు. అయినా నా ప్రాణం ఎంత హాయిగా ఉందో చెప్పలేను. తిడుతూనే పీట వాల్చుకుని కూర్చుంది, తిడుతూనే మారన్నం పెట్టించుకుని తింది.