పొట్టలో ద్రవం సంచితో తార్నాక దాకా

విద్యానగర్ నుంచి తార్నాక ఎంత దూరమని? యూనివర్సిటీ క్యాంపస్ రోడ్డున ఆటో ఎక్కితే పేపరు మొదటి పేజీ చదివేలోపు దిగిపోతాం. నాకు మాత్రం బయల్దేరడానికే నెలన్నర పట్టింది. పాంక్రియాస్ వాచి, దాని పక్కన ద్రవం చేరి సంచి కట్టింది. అది కడుపును నొక్కేస్తుంటే రెండు ముద్దలకే చాలనిపించేది. సంచి గోడ గట్టిపడితే గానీ ద్రవం తీయకూడదన్నారు డాక్టరుగారు. అన్నాళ్లూ ఇంట్లో కాలుగాలిన పిల్లిలా తిరిగాను.

ఉదయం ఆరున్నరకు ఆటో ఎక్కాం, నేనూ మా ఆవిడ సుజాతా. యూనివర్సిటీ గేటు దాటగానే చల్లగాలి, వాకింగు జనం, కాలేజీ మెట్ల మీద పోటీ పరీక్షల పుస్తకాలతో కుర్రాళ్లు. ప్రతి స్పీడ్ బ్రేకరూ నా పొట్టలోనే తగిలింది. "కాస్త నెమ్మదిగా బాబూ" అంది సుజాత.

"సార్ జల్ది పొమ్మంటరు, మీరు మెల్లగ అంటరు. ఎవలి మాట ఇనాలె మేడం?" అన్నాడు డ్రైవరు.

తార్నాకలో ఆస్పత్రి. ఎండోస్కోపీ గది బయట బెంచీ మీద లాలాపేట్ నుంచి వచ్చిన మల్లయ్యగారు, పక్కన ఆయన భార్య. ఆయనదీ నా జబ్బే. ముందు ఆయన, తర్వాత నేను. లోపల ఎలా ఉంటుందో ఆయన వచ్చి చెబుతాడు కదా అన్నదే నా ధైర్యం.

నర్సు వచ్చి, "పరగడుపునే ఉన్నారా?" అని అడిగింది.

"ఏం పెట్టలే బిడ్డా. పొద్దుగాల చాయ్ తాగిండు, గంతే" అంది మల్లయ్యగారి భార్య.

"చాయా! మత్తులో అది ఊపిరితిత్తుల్లోకి పోతే?"

"చాయ్ తిండి ఎట్లయితది బిడ్డా? ఇంటికి చుట్టమొస్తె ముందల చాయ్ పోసి, ఎన్కనే గద బువ్వ పెడ్తం!"

మల్లయ్యగారి వంతు మధ్యాహ్నానికి పోయింది. నర్సు నా వైపు తిరిగింది. అప్పటిదాకా నా పేరెప్పుడు పిలుస్తారని అందర్నీ విసిగించినవాణ్ణి, తీరా పిలిస్తే బెంచీ పట్టుకుని కూర్చున్నాను. భయం వేసింది.

"పో తమ్మీ. వచ్చి నాకు చెప్పు" అన్నారు మల్లయ్యగారు భుజం తట్టి.

రాబోయేవాళ్ల కోసం చెబుతున్నాను. ఎడమ పక్కకు తిరిగి పడుకోమంటారు. పళ్ల మధ్య ప్లాస్టిక్ అడ్డు పెడతారు. ఆపైన మత్తు, కాబట్టి మిగిలింది విన్నమాట. నోట్లోంచి గొట్టం దించి, దాని కొసనున్న స్కానింగు పరికరంతో సంచిని వెతికి పట్టుకుని, జీర్ణాశయం గోడలోంచి దారి చేసి స్టెంట్ అనే చిన్న నాళం అమర్చారట. ద్రవం కడుపులోకి దిగి పేగుల దారిన పోతుంది. పొట్ట మీద గాటు లేదు. కొన్ని వారాలకు మళ్లీ వచ్చి స్టెంట్ తీయించుకోవాలి.

మెలకువ వచ్చేసరికి గొంతు మండుతోంది. స్ట్రెచర్‌ను బెంచీ ముందు ఆపించాను. మల్లయ్యగారు లేచి నిలబడ్డారు.

"నొప్పయిందా తమ్మీ?"

"గొంతొక్కటే అన్నా. పడుకుని లేచినట్టే."

ఆయన భార్య రెండు చేతులూ ఎత్తి దండం పెట్టింది, నాకో దేవుడికో.

మూడో రోజు సాయంత్రం ఇంటిదారి పట్టాం. మల్లయ్యగారిదీ బాగానే జరిగింది. మేం చెప్పి వద్దామని వెళ్తే గుర్రు పెట్టి నిద్రపోతున్నారు. క్యాంపస్‌లో రోడ్డు పక్కన మొక్కజొన్న కంకులు కాలుస్తున్నారు. అవి నాకింకా కుదరవు, కొన్నాళ్లు జావే గతి. అయినా ఆ వాసనకు కడుపులో ఏదో కదిలింది. అదేమిటో తెలియడానికి కాసేపు పట్టింది.

"సుజాతా, ఆకలేస్తోంది."

నెలన్నరగా ముద్దముద్దకూ నన్ను బతిమాలిన మనిషి ఫోనులోంచి తలెత్తింది.

"ఏమన్నారు?"

"ఆకలేస్తోందన్నాను."

ముఖం అటు తిప్పుకుని, పైటకొంగుతో కళ్లొత్తుకుంటూ అంది: "మళ్లీ అనండి."