మార్తమ్మ నోరు, బిల్లగన్నేరు పసరు

గచ్చిబౌలిలోని ఆ పిల్లల క్యాన్సర్ వార్డులో మార్తమ్మ సిస్టర్ పని చూసి తీరాలండీ! ఎంత వాగుడుకాయో చెప్పలేం. కానీ మందు ఎక్కించే సూది చేతిలోకి తీసుకుందంటే మాటే ఉండదు. ఆ మందు నరం దాటి ఒక్క చుక్క జారినా చర్మం కాలిపోతుంది మరి. పిల్లల చెయ్యి ఒళ్లో పెట్టుకుని, నరం పక్కన బొటనవేలు ఆనించి, రెప్ప వెయ్యకుండా చూస్తుంది. అయిపోగానే మళ్లీ కబుర్లు. "ఈ మందు ఎక్కడిదనుకున్నావు బంగారం? మీ గేటు దగ్గర పూసే బిల్లగన్నేరుదే!" అని పుప్పాలగూడ నుంచి వైద్యానికొచ్చే చిన్నారి హర్షిణికీ చెప్పింది.

పక్కనే ఉన్న నానమ్మ రుక్కమ్మ అది విన్నది. మళ్లీ వచ్చినప్పుడు సంచిలోంచి ఓ సీసా తీసింది. అందులో పచ్చటి పసరు. "సూదికి పిల్ల పరేషాన్ అయితుంది. గిదే మందంటివి గద, ఆకు నూరుకొచ్చిన" అంటూ మనవరాలి నోటి దగ్గర పెట్టింది. మార్తమ్మ ఒక్క ఉదుటున వచ్చి చెయ్యి అడ్డం పెట్టింది.

తిట్టలేదు. "తప్పు నాదేనండి నానమ్మగారూ, సగమే చెప్పాను. ఆ ఆకులో విషం కూడా ఉంటుంది. మందును వేరుచేసి, కొలిచి ఎక్కిస్తేనే పనిచేస్తుంది. పసరు తాగితే ప్రాణం మీదికొస్తుంది."

రుక్కమ్మ సీసాకు గబగబా మూత బిగించింది. దాన్ని మార్తమ్మ చేతిలో పెట్టి అంది: "ఇగ ఏం చెప్పినా పూరా చెప్పు బిడ్డా. మా ఇంట్ల రోలు ఊకుండదు."

మార్తమ్మ పడీపడీ నవ్వింది. తర్వాత హర్షిణి చెయ్యి ఒళ్లోకి తీసుకుంది. వెంటనే మాట ఆగిపోయింది. ఈసారి రుక్కమ్మ కూడా నోరు మెదపకుండా, ఆ బొటనవేలినే చూస్తూ కూర్చుంది.