బీరువా మాస్టారు

ఎవరి ఇంట్లోనైనా సరే, బీరువా కంటపడితే దాన్ని జరిపించేదాకా మా ఇంటీరియర్ డిజైన్ మాస్టారికి నిద్రపట్టేది కాదు. అందుకే చాటున ఆయన్ని బీరువా మాస్టారు అనుకునేవాళ్లం.

మా చదువు సగం కాలేజీ స్టూడియోలో, సగం ఇంట్లో ఫోన్ ముందు. స్టూడియోలో ఆయన ఎంతో బుద్ధిగా ఉండేవారు, అక్కడ బీరువాలు లేవు కాబట్టి. వీడియో క్లాసు మొదలైతే మాత్రం, రంగుల గురించి చెబుతూ చెబుతూ ఆగి, "నీ వెనకాల ఆ బీరువా అక్కడెందుకుందమ్మా?" అనేవారు. ఇక పాఠం అటకెక్కినట్టే. ఒకసారి మా క్లాసు అబ్బాయి వాళ్ల నాన్నని బనియన్ మీదున్నవాణ్ణి ఉన్నట్టే పిలిపించి, రెండో వైపు పట్టుకోమన్నారు.

తమాషా ఏమిటంటే, ఆయన వెనకాల ఆయన సొంత బీరువా తలుపు మంచానికి తగిలి సగమే తెరుచుకునేది. చొక్కా కావాలంటే చెయ్యి దూర్చి తడుముకుని లాగాల్సిందే, అందుకే ఆయన చొక్కా ఎప్పుడూ నలిగే ఉండేది. అడిగే ధైర్యం మాకెవరికీ లేదు.

మాది ఒక్కటే గది. అందులోనే నానమ్మ మంచం, అమ్మ కుట్టుమిషను, కిటికీకి సగం అడ్డంగా బీరువా. నేను మంచం చివర బోర్డు పెట్టుకుని గీసేదాన్ని. నానమ్మ ఇటు ఒత్తిగిలితే నా గోడ వంకరపోయేది, అటు ఒత్తిగిలితే మెట్లు. ఇంట్లో గీయాల్సినవన్నీ అలా పాడైపోతుంటే విసిగిపోయి, స్టూడియోలో ఆయనకి చెప్పేశాను.

"కోర్సు మానేస్తాను సార్. ఇంట్లో గీసుకోవడానికి చోటు లేదు."

ఆయన గడ్డం గోక్కుని, మీ బీరువా ఎక్కడుంది అని అడిగారు. నాకు ఒళ్లు మండిపోయింది.

తర్వాతి వీడియో క్లాసులో మా బీరువా గది తలుపు వెనక్కి పోయింది. ఆ పై క్లాసులో మంచం గోడవారకి చేరింది, ఇంకో క్లాసులో కుట్టుమిషను మంచం కాళ్లవైపుకి. నేనూ అమ్మా రొప్పుతూ నెడుతుంటే, మంచం దిగనని భీష్మించుకున్న నానమ్మ, "మీ సారు ఇల్లు సర్దడం నేర్పుతున్నాడా, ఖాళీ చేయిస్తున్నాడా?" అంది.

చివరికి కిటికీ పక్కన ఒక మూల ఖాళీ అయింది. వెలుతురు నిండుగా పడుతోంది. అమ్మ సంబరపడి అక్కడ బట్టలమూట పెట్టబోయింది.

"అక్కడేమీ పెట్టకండమ్మా," అన్నారు మాస్టారు ఫోన్లోంచి. "అది మీ అమ్మాయి గీసుకునే చోటు."

నేను వెంటనే బోర్డు తెచ్చి అక్కడ పెట్టుకున్నాను. తర్వాత వాకబు చేస్తే, మా క్లాసులో ఎవరింట్లో బీరువా జరిగినా చివరికి మిగిలింది అలాంటి మూలేనని తేలింది. మేం పిచ్చి అనుకున్నది అంతా ఇందుకా అని సిగ్గూ వేసింది, ఆనందమూ కలిగింది. ఆ మూలలో కూర్చునే కోర్సు పూర్తిచేశాను. ఇవాళ నలుగురి ఇళ్లు సర్దుతున్నానంటే ఆయన చలవే.

ఆయన రుణం మాత్రం నానమ్మే తీర్చింది. ఒక రోజు క్లాసు మధ్యలో ఫోన్ లాక్కుని, "బాబూ, మీ వెనకాల బీరువా తలుపు మంచానికి కొట్టుకుంటోంది. కాస్త జరపకూడదూ?" అంది.

మాస్టారు వెనక్కి తిరిగి, మొదటిసారి చూస్తున్నట్టు చాలాసేపు చూశారు. మర్నాడు స్టూడియోకి కాలివేలికి కట్టుతో కుంటుకుంటూ వచ్చారు, ఇస్త్రీ మడత నలగని చొక్కా వేసుకుని.