బొటనవేలంత ఎత్తు

"నన్ను నలుగురిల నవ్వులపాలు చెయ్యాలనే ఉన్నదా జిప్పోరా నీకు? ఇది కారా, పెండ్లి గుర్రమా?"

"జర నిమ్మలంగ మాట్లాడున్రి. బజార్ల ఉన్నం."

"బజార్ల ఉన్నమనే అంటున్న. మేకకు ఎవరన్న ఏనుగు కాళ్ళు పెడ్తరా?"

"ఏనుగు కాళ్ళెవరు అడిగిన్రు? ఒక్క ఇటుకంత ఎత్తు లేస్తే చాలంటున్న. గంతే."

నాంపల్లిలో టైర్ల దుకాణం ముందు, పాత చిన్న తెల్ల కారు పక్కన ఈ గొడవ నడుస్తోంది. ఆ దుకాణంలో పనిచేసే సురేందర్ చేతిలో టీ చల్లారిపోయింది. గొడవ ఎక్కడుంటే అతని చెవులు అక్కడుంటాయి. దుకాణం లోపల కూర్చోమంటే మాత్రం ఒళ్ళంతా జెర్రులు పాకినట్టుంటుంది. డిగ్రీ రెండో ఏడులో ఒకరోజు క్లాసు మధ్యలో లేచి వచ్చేసినవాడు మళ్ళీ వెళ్ళలేదు. తర్వాత కాచిగూడలో ఫోన్ల దుకాణం, హిమాయత్‌నగర్‌లో ఇళ్ళకు భోజనాలు మోసే పని, ఇప్పుడిది. ఎక్కడా కూర్చున్న చోటు వేడెక్కకముందే లేచేవాడు. ఇక్కడి నుంచి లేవడానికి కూడా వారం నుంచి ముహూర్తం చూస్తున్నాడు.

కారు ముందు సీట్లో మోకాళ్ళు గడ్డానికి ఆనేంత ముడుచుకుని ఒక పొడుగాటి పెద్దమనిషి ఉన్నాడు. పేరు ఆనంద్ పాల్. బయట నిలబడి, రెండు చేతులతో హ్యాండ్‌బ్యాగు పట్టుకున్నావిడ ఆయన భార్య జిప్పోరా. బండి ఆమెది, నడిపేది కూడా ఆమే.

యజమాని వామన్‌రావు గొడవ సర్దుమణిగేదాకా ఆగి, ఆమెను లోపలికి పిలిచి, గోడకు వేలాడుతున్న మెరిసే అల్లాయ్ చక్రాలు చూపించాడు.

"మీ బండికి పన్నెండించుల చక్రాలున్నయి మేడం. ఇవి పద్నాలుగు. వేసిన్రంటే బండి లుక్కే మారిపోతది."

"లుక్కు సంగతి ఇడిసిపెట్టున్రి. సీటు ఎంత లేస్తది?"

"పెద్ద చక్రం కద మేడం. మస్తు లేస్తది. ఏం ఫికర్ వద్దు."

"ఏం లేవదు ఆంటీ," అన్నాడు సురేందర్.

వామన్‌రావు మెడ మెల్లగా ఇటు తిరిగింది.

"వీటి మీద సన్న టైరు వస్తది. చక్రం ఎంత పెరిగితే రబ్బరు గంత తగ్గుతది. చెప్పు మడమ పెంచి అడుగు చెక్కేసినట్టు. బండి ఉన్నకాడనే ఉంటది."

సురేందర్‌కు నిజాయితీ పొంగుకొచ్చిందనుకుంటే పొరపాటు. ఎదుటివాడి అబద్ధం పూర్తయ్యేదాకా ఆగే ఓపిక అతనికి లేదు, అంతే. వామన్‌రావు పళ్ళ మధ్య నుంచి "ఏం కూస్తున్నవ్ రా" అన్నది కూడా వినిపించుకోలేదు.

జిప్పోరా మాత్రం అతని వైపు పూర్తిగా తిరిగింది. "మరి ఏది వేస్తే లేస్తది బిడ్డా?"

"ఎందుకు లేవాలె ముందు చెప్పున్రి. రోడ్డు మీద బండి కింద తాకుతుందా?"

"రోడ్డుతోని కాదు నా తంటా. దవాఖానల ఎముకల వార్డుల చేసిన నేను. మోకాళ్ళు పోయినోళ్ళు మంచం మీదికెంచి లేవలేకపోతే, మంచం కోళ్ళ కింద ఇటుకలు పెట్టేటోళ్ళం. ఎత్తు మీద కూసుంటే లేచుడు అల్కగ ఉంటది. ఇంట్ల ఆయన మంచానికి పెట్టిన. కుర్చీకి పెట్టిన. కారు కింద ఇటుకలు ఎట్ల పెట్టాలె?"

"సీటు మీద దిండు వెయ్యరాదా? టైర్లెందుకు?"

"ఆయన పొడుగు చూసినవా? దిండేస్తే నెత్తి కప్పుకు తాకుతది. ఇంక వంగి దిగుమంటే నడుము రాదు."

బయట కారులోంచి గొంతు వచ్చింది. "నా నడుము సంగతి నాంపల్లంత చాటింపెయ్యి. టముకు గిట్ల తెచ్చినవా?"

ముప్పై ఏళ్ళ పైచిలుకు జిప్పోరా చేసిన పని మనుషులను లేపడం. చంకల కింద చేతులేసి, నడుముకు తన నడుము ఆనించి, "ఔ, లేవు నాయినా, లేవు" అంటూ ఎందరినో లేపి నిలబెట్టింది. పదవీ విరమణ అయ్యాక ఈ పాత బండి కొనుక్కుని, ఆ వయసులో డ్రైవింగ్ నేర్చుకుంది. ఆనంద్ పాల్ మెదక్ దగ్గరి మిషను బడిలో సంగీతం మాస్టరుగా చేసి, హైదరాబాదు వచ్చాక అబిడ్స్‌లోని వాళ్ళ చర్చిలో హార్మోనియం ముందు కూర్చున్నాడు. ఇప్పుడు మోకాళ్ళు అరిగిపోయాయి. చక్కెర జబ్బు వల్ల డాక్టర్లు ఆపరేషను వెనక్కి నెడుతున్నారు. నిలబడితే చేతికర్రతో నడుస్తాడు. కష్టమంతా ఈ కిందికున్న సీట్లోంచి లేవడంలోనే. ఒక ఆదివారం చర్చి గేటు ముందు ఇద్దరు కుర్రాళ్ళు ఆయన్ను బియ్యం బస్తాలా ఎత్తి నిలబెట్టారు. అందరూ చూశారు. ఆ తర్వాతి వారం కడుపు నొప్పి అన్నాడు, ఆ పై వారం వాన అన్నాడు. తర్వాత సాకులు చెప్పడం కూడా మానేసి ఇంట్లోనే ఉండిపోయాడు. ఊరందరినీ లేపిన చెయ్యి జిప్పోరాది. ఆ చెయ్యిని కూడా గేటు ముందు మొగుడు తనను తాకనివ్వడు.

సురేందర్ పదమూడించుల మామూలు ఇనుప చక్రాలు, వాటి మీదికి మందపాటి టైర్లు తీయించాడు. "ఇవి వేస్తే బండి బొటనవేలంత లేస్తది."

"ఇటుకంత కావాలె."

"ఇటుకంత లేపితే టైరు మడ్‌గార్డుల దూరుతది ఆంటీ. బొటనవేలే. ఇష్టముంటే వేయించుకోన్రి, లేదంటే ఆటోల పోన్రి."

"గింత కరుకుగ మాట్లాడ్తవు, నీ తోని దుకాణం ఎట్ల నడుస్తుంది బిడ్డా?"

"నడుస్తలేదు," అన్నాడు వామన్‌రావు లోపలి నుంచి.

ఆనంద్ పాల్ తంటాలు పడి దిగి స్టూలు మీద కూర్చున్నాక, టైర్లు బిగించే మల్లేష్ పని ముగించాడు. పెద్ద టైర్లు వేసినప్పుడు చక్రానికీ మడ్‌గార్డుకూ మధ్య వేళ్ళు పెట్టి చూడడం ఆ దుకాణంలో ఆనవాయితీ. వేళ్ళు దూరితే పని అయినట్టే. సురేందర్ వేళ్ళు దూరాయి. బండి ఖాళీగా ఉందన్న సంగతి ఎవరూ పట్టించుకోలేదు. ఆ దుకాణంలో ఎప్పుడూ ఖాళీ బండినే చూస్తారు.

ఆనంద్ పాల్ కారెక్కి, తలుపు పట్టుకుని దిగబోయాడు. ఒకసారి వెనక్కి పడ్డాడు. జిప్పోరా కావాలనే ఎదురుగా ఉన్న పండ్ల బండి వైపు చూస్తోంది. రెండోసారి ఊగి, లేచి నిలబడ్డాడు.

"గీడ గాలి మంచిగొస్తుంది," అన్నాడు. జిప్పోరా కళ్ళు తుడుచుకోకుండా డబ్బులు కట్టింది.

ఆదివారం పొద్దున సురేందర్ ఖైరతాబాద్ బయలుదేరాడు. అక్కడ ఫంక్షన్లకు లైట్లు కట్టే పని ఉంది రమ్మని ఎవడో దోస్తు ఫోన్ చేశాడు. బైకు అబిడ్స్ వచ్చేసరికి దానంతట అదే జిప్పోరా చెప్పిన చర్చి సందులోకి తిరిగిందని తర్వాత మల్లేష్‌తో చెప్పుకున్నాడు. బైకులు అట్లా తిరగవు. వేళ్ళు దూరిన సందు నిద్రలో కూడా అతనికి దురద పెడుతూనే ఉంది.

తెల్ల కారు రానే వచ్చింది. ముందు ఆనంద్ పాల్. వెనక ఇద్దరు భారీ మనుషులు యూనీస్, బెత్సీ. భర్తలు పోయిన ఇద్దరినీ జిప్పోరా ప్రతి ఆదివారం ఇళ్ళ దగ్గర ఎక్కించుకుని వస్తుంది. కారు గేటు దగ్గరి మిట్ట ఎక్కి లోపలికి తిరిగిందో లేదో, వెనక నుంచి గర్‌ర్‌ మని చప్పుడు. కాలిన రబ్బరు వాసన. మెట్ల మీద నిలబడ్డవాళ్ళంతా తలలు తిప్పారు.

సురేందర్‌కు తన వేళ్ళు దూరిన సందు గుర్తొచ్చింది. ఆ రోజు ఖాళీ బండిని చూశాడు. కానీ ఈ బండి ఎప్పుడు ఖాళీగా తిరిగింది గనక?

కారు మెట్ల ముందు ఆగింది. జిప్పోరా దిగి ఇటుపక్కకు వచ్చి, హ్యాండ్‌బ్యాగును రెండు చేతులతో గట్టిగా పట్టుకుంది, ఆ చేతులు సాయానికి ముందుకు పోకుండా. ఆనంద్ పాల్ కాళ్ళు బయట పెట్టి, తలుపు పట్టుకుని ఊగాడు. వెనక్కి పడ్డాడు. మళ్ళీ ఊగాడు. మళ్ళీ పడ్డాడు. వెనక సీట్లో ఇద్దరూ బొమ్మల్లా కూర్చుని ఉన్నారు. చిన్నప్పుడు మిషను బడిలో ఆయన దగ్గర పాటలు నేర్చుకున్నవాళ్ళు వాళ్ళు. మాస్టరు దిగకముందు శిష్యులు దిగడమన్నది వాళ్ళ ఇంటావంటా లేదు.

మెట్ల మీది నుంచి ఇద్దరు కుర్రాళ్ళు చేతులు చాపుకుంటూ దిగారు.

"వద్దు," అన్నాడు ఆనంద్ పాల్. మొహం ఎర్రబడింది. కాళ్ళు లోపలికి తీసుకున్నాడు. "జిప్పోరా, ఇంటికి తోలు."

"ఏమండీ..."

"తోలంటున్న గద."

సురేందర్ బైకు పడేసినట్టుగా స్టాండేసి వచ్చాడు. అతని కంటికి ఆ టైరు తప్ప ఇంకేమీ కనబడడం లేదు. "ఎవ్వరు తోలొద్దు! ఆంటీ, వెనకున్నోళ్ళు ఇద్దరు దిగున్రి. టైరు చూడాలె."

యూనీస్ కిటికీలోంచి చూసింది. "మాస్టర్ గారు కూసుండంగ మేమెట్ల దిగుతం బాబూ?"

"దిగకుంటే టైరు పలుగుతది. అప్పుడు మాస్టర్ గారితోని కలిసి అందరు నడుచుడే. దిగున్రి!"

"అబ్బ, ఏం పోరడే వీడు," అంటూ బెత్సీ దిగింది. చీర సర్దుకుంటూ యూనీస్ దిగింది. బండి ఒక్కసారిగా ఊపిరి పీల్చుకున్నట్టు లేచింది. చక్రం పక్కన కూర్చున్న సురేందర్‌కు మడ్‌గార్డు అంచు టైరు మీది నుంచి పైకి జరగడం కనబడింది. బొటనవేలు పెట్టి చూశాడు. దూరింది.

"చూస్తున్నరా, గీడ రాసుకుంది," అని అరిచాడు. కుర్రాళ్ళు వంగారు. మెట్ల మీదివాళ్ళు వంగారు. యూనీస్, బెత్సీ కూడా నడుములు పట్టుకుని వంగి, నల్లగా గీరుకుపోయిన అంచును చూసి అయ్యో అన్నారు.

వాళ్ళు తలలెత్తేసరికి ఆనంద్ పాల్ చేతికర్ర పట్టుకుని కారు పక్కన నిలబడి ఉన్నాడు. ఎట్లా లేచాడో, ఎన్నిసార్లు ఊగాడో ఒక్కరూ చూడలేదు.

"ఏందట టైరుకు?" అన్నాడు, కోటు సర్దుకుంటూ. జవాబు కోసం ఆగకుండా లోపలికి నడిచాడు. శిష్యులిద్దరూ వెనకే నడిచారు.

లోపల హార్మోనియం మోగింది. తిత్తిలో గాలి సరిగ్గా నిండకముందే మొదలైన పాట, కాస్త తొందరగా సాగింది. జిప్పోరా ఇంకా బండి దగ్గరే ఉంది.

"తప్పు నాదే," అన్నాడు సురేందర్, చేతులు ప్యాంటుకు తుడుచుకుంటూ. "రేపు దుకాణానికి తెండ్రి. మడ్‌గార్డు అంచు లోపలికి మలిచేస్త. ఇగ రాసుకోదు. నేనుంటనో ఉండనో, మల్లేష్‌కన్న చెప్పి పోత."

జిప్పోరా చర్చి తలుపు వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించింది.

"అంచు మలుచు బిడ్డా. గని మలిచిన సంగతి ఎవ్వరికి చెప్పకు. వెనకోళ్ళిద్దరు దిగితేనే బండి లేస్తది, ఆయనా లేస్తడు. ముందు మీరు దిగున్రి అని వాళ్ళకు నేను చెప్తే, నా మొగుని కోసమే అని తెల్సిపోతది. ఆయనకూ తెలుస్తది. నువ్వు వచ్చే ఆదివారం గూడ రా. గిట్లనే ఉరికొచ్చి, టైరు చూడాలె, దిగున్రి అను. అందరు గా చక్రం దిక్కే చూసేటట్టు, జర గట్టిగ అను."