సప్పుడు లేని ఇంజన్

1973 ఎండకాలం. మెహిదీపట్నం నుంచి రాయదుర్గం పోయే తొవ్వల రేకుల షెడ్డు ఏసుకొని కార్లు రిపేరు చేస్తుంటి. ఇప్పుడు అద్దాల బిల్డింగులు నిలబడ్డ కాడ అప్పుడు గుట్టలు, గుండ్లు, సీతాఫలం చెట్లు. బండ్లు తక్కువ, మేస్త్రీలు ఇంకా తక్కువ. అందుకే నాకు జర గర్వముండె. దాచుడెందుకు, జర కాదు, బాగనే ఉండె.

నా గర్వమంతా సప్పుడు మీద. సత్తయ్య చెయ్యి పడితే ఇంజన్ నడుస్తున్నట్టే తెల్వదని పేరు. ఓనరు రాంగనే ఇంజన్ చాలూ చేసి, ఆయనను బానెట్ పక్కన నిలబెట్టి, "సారూ, బండి చాలుందా, బందుందా చెప్పుండ్రి" అని అడుగుతుంటి. ఆయన నవ్వుకుంట తీస్కపోయేది. ఇంకో నలుగురికి చెప్పేది.

ఆ కిటుకేందో చెప్పాల్నంటే ఇంజన్ సంగతి కొంచెం చెప్పాలె. నాలుగు సిలిండర్లుంటయి, ఒక్కోదానికి రెండు వాల్వులు. ఒకటి పెట్రోలు కలిసిన గాలిని లోపలికి రానిస్తది, ఇంకోటి కాలిన పొగను బయటికి పంపుతది. రెండూ మూసుకున్నప్పుడు పిస్టన్ పైకొచ్చి ఆ గాలిని గట్టిగ ఒత్తుతది. దీన్నే కంప్రెషన్ అంటరు. బండికి దమ్ము అక్కడికెల్లే వస్తది. వాల్వు సరిగ్గ మూసుకోకపోతే ఎంత పెట్రోలు పోసినా దండుగే, మూత పట్టని కుక్కర్ల పప్పు పెట్టినట్టే.

వాల్వును కిందికి నెట్టే చేతిని రాకర్ అంటరు. రాకర్‌కూ వాల్వు కొసకూ నడుమ వెంట్రుకంత సందు వదలాలె. అదే టాపెట్ క్లియరెన్స్. వేడెక్కితే వాల్వు సాగుతది, సాగేటందుకు జాగ ఉండాలె. ఆ సందును ఫీలర్ గేజ్ అనే సన్నటి ఉక్కు రేకుల కట్టతోని కొలుస్తం. సందుంటే టిక్ టిక్ మంటది. తగ్గిస్తే సప్పుడు పోతది. నేను చేసింది గంతే. కంపెనీ పుస్తకంల చెప్పిన రేకు పక్కకు పెట్టి, దానికన్న పలుచని రేకుతోని బిగిస్తుంటి. చానా బండ్లు ఇంటికీ ఆఫీసుకూ నడుమ తిరిగేటివే, అంతగనం వేడెక్కవు కాబట్టి నా యవ్వారం బయట పడలే.

గోదావరి దిక్కు నుంచి వచ్చిన ఒక ఆఫీసరు సారు సొంత కారు నా కాడికి వస్తుండె. డ్రైవరు మల్లేశం, పుప్పాలగూడ మనిషి. బండిని కన్నబిడ్డ తీరుగ చూసుకునేటోడు. ఆ ఏడు సారు తన ఆఫీసుల పర్మనెంట్ డ్రైవరు కొలువు పెట్టిస్తనని మాటిచ్చిండట. "సర్కారు కొలువైతే పిల్లల్ని సిటీ బడికి తోలుత అన్నా" అని వచ్చినప్పుడల్లా చెప్తుండె. ఆయనకున్న ఆశ అదొక్కటే.

నేను టాపెట్లు బిగించిచ్చిన పదిహేను దినాలకు మల్లేశం మళ్ల వచ్చిండు. మొకం పరేషానుగుంది.

"సప్పుడైతే లేదు గని, వేడెక్కినంక బండికి దమ్ముంటలేదన్నా. చల్లగున్నప్పుడు మంచిగనే గుంజుతుంది."

ఆ ఒక్క మాటల రోగమంతా ఉంది. వేడెక్కితే వాల్వు సాగి, జాగ లేక మూసుకుంటలేదు. నేను ఇనలే. బండిని నీడకు పెట్టుమని, చాయ్ తాగి, చేతిల ఉన్న ఇంకో పని ఒడగొట్టుకొని, గంటైనంక చాలూ చేసిన. అప్పటికి ఇంజన్ చల్లారి పోయింది, మంచిగనే నడిచింది. "మల్లేశం, ఇంజన్ ఫికర్ నాకిడిచిపెట్టి నీ కాలు ఫికర్ నువ్వు చెయ్యి. యాక్సిలేటర్ తొక్కుడు నేర్చుకో" అన్న. షెడ్డుల ఉన్నోళ్లంతా నవ్విండ్రు. వేడి మీద ఒక్కసారి చూడుమని మల్లేశం ఇంకా రెండుసార్లడిగిండు. నేను ఇంకో బండి కిందికి దూరిన.

పది దినాలైనంక సారు తన పై ఆఫీసరును ఎక్కించుకొని గుట్టల అవతల ఏదో స్థలం చూపియ్యనీకి పోయిండు. మిట్ట మధ్యాహ్నం. రాయదుర్గం గుట్ట చడావు సగం ఎక్కినంక ఇంజన్ చాతగాక ఆగిపోయింది, బండి ఎనకకు జారవట్టింది. బ్రేకు సుత ఆపలేకపోతే మల్లేశం స్టీరింగు తిప్పి బండిని ఒక గుండుకు ఆనించిండు. గట్ల చెయ్యకపోతే అందరు కలిసి లోయల పడేటోళ్లే. పెద్దాఫీసరు నొసలు అద్దానికి తాకి బొప్పి కట్టింది. లారీకి కట్టి గుంజుకొచ్చి బండిని నా షెడ్డుల పెట్టిండ్రు.

తెల్లారి నేనొక్కన్నే ఇంజన్ హెడ్డు ఇప్పిన. మూడో సిలిండర్ల పొగ పోయే వాల్వు అంచు ఎలుక కొరికిన రొట్టె లెక్కుంది. మూసుకోని వాల్వు సందులకెల్లి మంట దూరి అంచును తినేసింది. ఆ సందు బిగించిన చెయ్యి నాదే. ఆ వాల్వును తుడిచి ఖాకీ చొక్క జేబుల ఏసుకున్న.

అప్పుడే సారు, మల్లేశం వచ్చిండ్రు. సారు కోపంగ లేడు, అదే నాకు ఇంకా భయమైంది.

"చూడు మేస్త్రీ, నీకు ఇంజన్ సంగతి తెలుసు కాబట్టి అడుగుతున్నాను. తప్పు బండిదా, ఇతనిదా?"

చెప్తే నా పేరు పోతది. సత్తయ్య సప్పుడు ఎట్ల తీస్తుండో ఊరంతా తెలుస్తది. గంతే నా లెక్క. ఎదురుంగ నిలబడ్డ మనిషి కొలువు నా లెక్కల లేకుండె.

"బండి మంచిగనే ఉండె సారూ. చడావు మీద టైముకు గేరు మార్చలే, ఇంజన్ మీద బరువు పడ్డది" అన్న.

మల్లేశం నా దిక్కు చూసిండు. సారు మల్లేశం కాడికెల్లి తాళంచెవులు అడిగి తీస్కున్నడు.

కొత్త వాల్వు ఏసి, ఈసారి సరైన రేకుతోని సందు పెట్టిన. సారు బండి తీస్కపోయేటప్పుడు చెవి పెట్టి, "ఇదివరకు ఇలా టిక్కుటిక్కుమనేది కాదే" అన్నడు. కొత్త వాల్వు సారూ, నడుస్తుంటే సర్దుకుంటదని చెప్పిన. ఒక అబద్ధానికి ఇంకో అబద్ధం తోడు.

సారు ఇంటికి పోయి నిజం చెప్పాల్నని ఎన్నిసార్లో అనుకున్న. సారు ఇంటి గల్లీ దాక సుత రెండుసార్లు పోయిన. ఇంతల సారుకు బదిలీ అయింది. మంచిగైందని నా మనసు ఊపిరి పీల్చుకుంది చూడుండ్రి, ఇయ్యాల్టికీ సిగ్గైతది దానికి.

అయిదేండ్లకు రాళ్ల లోడు ఏసే లారీ ఒకటొచ్చి షెడ్డు ముందు ఆగింది. దిగింది మల్లేశం. చెంపల కాడ ఎంటికలు తెల్లగైనయి, మీది నుంచి కింది దాక రాతి దుమ్ము. టాపెట్లు చూడుమన్నడు. రేకుల కట్ట తీసి పానా పట్టుకున్న.

"సప్పుడుంటే ఉండనియ్యన్నా" అన్నడు మెల్లగ.

పానా కింద పెట్టిన. "నీకు తెలుసా?"

"ఆ దినమే తెలుసు. నీ జేబులకెల్లి వాల్వు కొస కనవడ్డది."

"మరి సారుకు ఎందుకు చెప్పలే?"

"నువ్వు మేస్త్రీవి. నీ మాట మీద నా మాట ఎవరింటరు?" అని, మొకం మీది దుమ్ము తుడుచుకుంట అన్నడు: "నువ్వే చెప్తవేమో అని చూసిన."

తప్పైందన్న. చేతులు జోడించిన. ఆయన నా చేతులు కిందికి దించి, లోడు ఆలస్యమైతుందన్నడు. సరైన రేకుతోని సందు పెట్టిచ్చిన. లారీ గుట్ట దిక్కు పోతుంటే టాపెట్ల సప్పుడు చానసేపు ఇనవడ్డది.

ఆ తర్వాత షెడ్డు మూసే దాక పలుచని రేకు ముట్టలే. ఏ డ్రైవరొచ్చి బండి ఇట్లుందన్నా, ఆయన పక్క సీట్ల కూసొని, ఇంజన్ మంచిగ వేడెక్కే దాక ఆ చడావు ఎక్కి దిగినంకనే పానా పట్టిన. వందల మందితోని గట్ల పోయిన. మల్లేశంతోని ఒక్కసారి సుత పోలే.