క్లారా తరగతిలో చివరి వరుస

బంగారు గని వదిలిన సైనైడు మట్టి దిబ్బను ఆనుకొని ఉన్న ఆ కన్నడ ప్రాథమిక పాఠశాలకు క్లారా ప్రధానోపాధ్యాయినిగా వచ్చిన నాటి నుండి శనివారపు మధ్యాహ్నాలకు ఒక కొత్త పద్ధతి ఏర్పడింది. ఉపాధ్యాయులు వారంలో ఒకరి తరగతిలో మరొకరు వెనుక కూర్చుని పాఠం చూడాలి. శనివారం పిల్లలు ఇండ్లకు పోగానే అందరూ ఒకచోట చేరి, చూచినదంతా దాపరికం లేకుండా చెప్పుకోవాలి. ఎక్కడ తడబడుతున్నామో తెలిస్తేనే గదా దిద్దుకొనడం! మొదట ముఖం చిట్లించుకొన్నవారు కూడా క్రమంగా అలవాటు పడ్డారు. క్లారా తరగతిలోకి మాత్రం ఎవ్వరూ రాలేదు. పెద్దావిడ పాఠాన్ని మనం తూచడమేమిటని తప్పుకొన్నారు. ఆ గౌరవం ఆమెకూ హితవుగానే ఉండేది.

ఆమె పెట్టిన కట్టడి ఇంకొకటి ఉంది: తరగతిలో పిల్లల ఇంటి భాష అయిన తెలుగు వినబడరాదు. గనిలో పనిచేసిన తెలుగువాడి కూతురామె. చిన్ననాడు కన్నడం రాక బడిలో పడిన అవమానం ఆమెకు ఇప్పటికీ మానని గాయం. తాను పెరిగిన గని కూలీల లైను ఇండ్ల పిల్లలకు ఆ గతి పట్టరాదని మొదటినాటి నుండి వారితో కన్నడమే మాట్లాడేది. రెండో తరగతిలో ఆమె ఏది అడిగినా చేతులు గుంపుగా లేచేవి. అది చూచి ఆమె కడుపు నిండేది.

క్యాసంబళ్ళి నుండి కొత్తగా వచ్చిన ఉపాధ్యాయుడు నందీశ్‌కు ఈ మొహమాటాలేవీ తెలియవు. నేరుగా పోయి ఆమె తరగతిలో కూర్చున్నాడు. ఆ శనివారం అందరి చేతికీ టీ అందిన తరువాత క్లారా నవ్వుతూ కదిలించింది.

"ఏమప్పా నందీశ్, నా క్లాసులో బాగా నిద్రొచ్చిందా?"

"లేదు మేడం. ఒకటి చెప్తే కోపం చేసుకోరు కదా?"

"చెప్పేయప్పా," అన్నది మూడో తరగతి సౌభాగ్య. "ట్రాన్స్‌ఫర్ చేసేది ఆమె చేతిలో లేదులే."

అందరూ నవ్వారు. నందీశ్ నవ్వలేదు.

"మీరు అడిగేది పిల్లోళ్ళకి అర్థం కాలేదు మేడం. కడా వరుసలో నేత్ర ఉండాది చూడండి, అది తల వంచుకోని మెల్లిగా తెలుగులో చెప్తాది. పక్కనోళ్ళు ముందరికి అందిస్తారు. అప్పుడు చేతులెత్తుతారు."

"నేత్రనా? వాగుతాదని నేనే దాన్ని కడాకి పంపించినాను గదా!"

"ఆడ నుంచే చెప్తాది మేడం."

"మరి అది రాసుకునేది?"

"పలక మీద ఏమీ లేదు మేడం. రాసేదానికి దానికి యాడ తీరింది?"

సోమవారం క్లారా నేత్రను పక్కన కూర్చోబెట్టుకొని వాచకం తెరిచింది. తల్లిదండ్రులు బెంగుళూరులో కట్టడం పనికి పోయిన రోజుల్లో అక్కడి పిల్లలతో ఆడి కన్నడం నేర్చిన బిడ్డ అది. పాఠంలోని కథనంతా పొల్లు పోకుండా చెప్పింది. క్లారా ఒక అక్షరం మీద వేలు పెట్టి ఇదేమిటని అడిగితే, వేలి వైపు చూచి, ఆమె ముఖం వైపు చూచి, మళ్ళీ కథే చెప్పబోయింది. తక్కిన పిల్లల్లోనూ చదవగలిగినవారు అరుదే. అయినా వారికి ఆ గుసగుస వల్ల పాఠంలో సగమైనా చెవిన పడింది. అది చెప్పిన పిల్లకే ఒక్క అక్షరమూ దక్కలేదు.

నేత్రను ముందు వరుసకు తేవాలనీ, సాయంత్రాలు తానే తెలుగులో చెప్పి అక్షరాలు దిద్దించాలనీ క్లారా నిశ్చయించుకొన్నది. మరునాడే నేత్ర అవ్వ నరసమ్మ టీసీ కోసం వచ్చింది. కొడుకు ఎల్లప్పకు లక్కూరు పక్కన ఇటుకల బట్టీలో పని దొరికిందట. ఇంటిల్లిపాదీ అక్కడికే పోతున్నారట.

"ఈ ఏడు ముగిసేదాకా పిల్లను ఈడే ఉంచు నరసమ్మా."

"ఎవరి దగ్గర ఉంచేదమ్మా? నేనూ పోతా ఉండాను. దానికేం, యాడైనా చదువుకుంటాది."

"దానికి చదివేది రాదు. నేను నేర్పించలేదు. తప్పు నాది."

నరసమ్మ పక్కున నవ్వింది. "ఊరికే అంటారమ్మా మీరు! బుక్కు ముందర పెట్టుకోని గడగడా చెప్తాది, మా లైనంతా వింటారు. మాటలు ఎక్కువైనా బుర్ర ఉండాదని పేరెంట్సు మీటింగులో మీరే కదా చెప్పినారు?"

క్లారా కాగితం మీద సంతకం చేసి ఇచ్చింది.

గేటు దగ్గర నేత్ర సంచి పట్టుకొని నిలబడి ఉంది. క్లారా వంగి, మొట్టమొదటిసారిగా ఆ పిల్లతో తెలుగులో మాట్లాడింది.

"నేత్రా, కొత్త టీచరమ్మకి చెప్పు తల్లీ, నాకు చదివేది రాదు, నేర్పించండి అని. సిగ్గుపడొద్దు. చెప్తావా?"

టీచరు నోట ఇంటి మాట విని పిల్ల బెదిరింది. ఒకసారి బడి వైపూ, ఒకసారి అవ్వ చేతిలోని కాగితం వైపూ చూచింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"ఇన్ను మేలె మాతాడల్ల, మిస్," అన్నది కన్నడంలో, చేతులు కట్టుకొని.

ఇకమీద మాట్లాడనంటున్నది. తరగతిలో మాట్లాడినందుకే తనను బడి నుండి పంపివేస్తున్నారని అనుకొన్నది. క్లారా "కాదు తల్లీ" అనేలోగానే నరసమ్మ పిల్ల రెక్క పట్టుకొని, ఆటోవాడు అరుస్తున్నాడంటూ రోడ్డు దాటించింది.